ఏడో రూపాయిని వెతుక్కుంటూ

కర్నూల్లో గడియారాలు బాగుచేసే కొట్టు ముందు ఒక రాతి అరుగు ఉంది. సాయంత్రమైతే దాని మీద నలుగురం ముసలివాళ్లం కూర్చుంటాం. నలుగురం తుంగభద్ర అవతల నిజాం సర్కారులో నౌకరీ చేసి దిగినవాళ్లమే. ఒకాయన పోలీసు జమేదారు, ఒకాయన బడి పంతులు, ఒకాయన అడవి శాఖలో చెట్లకు గుర్తులు కొట్టినవాడు. నేను డాక్‌ఖానా మున్షీని. మొన్న నేను ఊరు విడిచి పోయి వచ్చేసరికి ముగ్గురూ మూడు వైపుల నుంచి అడగడం మొదలుపెట్టారు. ఎక్కడ ఏది అగ్గువ, ఏది చవక? ఇళ్లు దొరుకుతాయా? ఉండవచ్చా? ఒక్కొక్కరికీ చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. అందుకని రాస్తున్నాను. నాకు బడి చదువు లేదు. హర్కారాగా ఉత్తరాల సంచి మోస్తూ, కవర్ల మీది చిరునామాలు చూసి ఉర్దూ, తెలుగు రెండూ నేర్చుకున్నవాడిని. చిరునామా తప్పు రాస్తే ఉత్తరం చేరదు. ఆ భయంతోనే ఇదీ రాస్తున్నాను.

మా నలుగురి రోగమూ ఒకటే. పింఛను హాలీలో వస్తుంది, ఖర్చు కలదారులో పోతుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఏటికి అవతల హైదరాబాదు సంస్థానానిది సొంత నాణెం, చార్మినారు బొమ్మ ఉన్న హాలీ రూపాయి. ఇవతల ఇంగ్లీషువాళ్ల కలదారు రూపాయి, దాని మీద రాజు తలకాయ. అదీ వెండే, ఇదీ వెండే. అయినా ఏడు హాలీలు పెడితే గాని ఆరు కలదార్లు రావు. ఆ ఏడో రూపాయి ఎటు పోతుందో, ఎవరి ఇంట్లో దీపం పెడుతుందో ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు. పైగా మార్చే షావుకారు, మార్చినందుకు కూలి కింద, తన బట్టా తాను కోసుకుంటాడు. యుద్ధం మొదలైన తర్వాత ధరలు పెరిగాయి. మా ఇంటి యజమాని కిరాయి పెంచాడు. పింఛను మాత్రం పెరగలేదు.

"సొంత దేశం వదిలి ఇక్కడెందుకు కూర్చున్నావయ్యా?" అని మీరు అడగవచ్చు. మా ఇంటిది మద్దమ్మ కర్నూలు ఆడపడుచు. మాకు పిల్లలు లేరు. పెళ్లయిన నాటి నుంచీ నా బదిలీల వెంట పాలమూరు జిల్లా, నల్లగొండ జిల్లా అంతా తిరిగింది. నేను నౌకరీ దిగిన రోజున ఆమె ఒక్క మాట అంది. "ఇన్నేండ్లు నీ నౌకరి యాడికి పిలిస్తే ఆడికి వచ్చినా. ఇంక మిగిలిన పొద్దు నాది. మా ఊర్లో ఉందాం." సరే అన్నాను. చచ్చేదాకా కర్నూలే అని మాట ఇచ్చాను. ఆ మాటనే ఇప్పుడు నెలనెలా బట్టా కొరుక్కు తింటోంది.

కిరాయి పెరిగిన రోజు మద్దమ్మ లాంతరు బుడ్డి తుడుస్తూ, నా వైపు చూడకుండా, "ఇంక మీ దేశానికే పోదాం పా" అంది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. రాజు తలకాయ మీద, చార్మినారు మీద, మధ్యలో కూర్చున్న షావుకారు మీద. "ముందు ఊళ్లు చూసి వద్దాం. నచ్చితేనే" అన్నాను.

ఏటి మధ్య

రైలు ఉందిగాని, అవతలి ఒడ్డుకు పోవడానికి మాలాంటివాళ్లకు పుట్టే దిక్కు. వెదురుతో అల్లి తోలు బిగించిన గుండ్రటి పుట్టి. కార్తీకంలో ఏరు ఇంకా నిండుగానే ఉంది. పింఛను తీసుకోవడానికి నేను నెలకోసారి దాటుతూనే ఉంటాను. మద్దమ్మ మాత్రం కర్నూలు వచ్చాక ఇదే దాటడం. అందుకని అన్నీ కొత్తగా చూసింది. నీళ్లలో చెయ్యి పెట్టి, "సల్లగుందిబ్బా" అంది చిన్నపిల్లలాగా.

పుట్టి నడిపే తిమ్మప్పకు నేను ఒక హాలీ అణా ఇచ్చాను. మద్దమ్మ తన కొంగు విప్పి కలదారు అణా ఇచ్చింది. రెండూ ఒకే సంచిలో వేసుకున్నాడు.

"ఏంది తిమ్మప్పా, ఆమెది ఎక్కువ అణా, నాది తక్కువ అణా. చిల్లర తిరిగియ్యవా?" అని వేళాకోళానికి అడిగాను.

"నడీ ఏట్లో ఏం బట్టా సామీ! ఈడ నీళ్లు ఆ సర్కారువా, ఈ సర్కారువా? అణా అంటే అణా. గట్టిగా కూసో, పుట్టి తిరుగుతాది."

ఇన్నేళ్లు దాటినా ఈ సంగతి నేను గమనించనేలేదు. షావుకార్లతో పోట్లాడి పోట్లాడి అలసిపోయినవాడికి, పోట్లాట లేనిచోట చూపు ఆగదు కాబోలు.

నాకా దగ్గర రెండు చీరలు

అవతలి ఒడ్డున చిన్న పల్లె. నాపరాళ్ల గోడల మిద్దె ఇళ్లు కొన్ని, ఒక వేపచెట్టు, దాని కింద కరోడ్‌గిరి నాకా. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు సుంకం. కర్నూలు వైపు నుంచి కొత్త సరుకు ఏది వచ్చినా కట్టాలి. కలదారు రాజ్యంలో కొన్నందుకు ఒకసారి, హాలీ రాజ్యంలోకి తెచ్చినందుకు మరోసారి.

తిరుమలగిరిలో నా పాత స్నేహితుడు, రెవెన్యూలో గిర్దావరుగా చేసి దిగిన రంగారావు ఉన్నాడు. ఆయన భార్యకోసమని ఎమ్మిగనూరు నేత చీర ఒకటి కొన్నాం. ఒడ్డు దగ్గర పడుతుండగా దానికి సుంకం పడుతుందని గుర్తొచ్చి నేను తల పట్టుకున్నాను. పుట్టి దిగగానే మద్దమ్మ తిమ్మప్ప ఇంట్లోకి వెళ్లింది. అతని పెళ్లాం పోసిన మజ్జిగ తాగి, చాలాసేపు మాట్లాడి, బయటికి వచ్చింది. చూస్తే మనిషి ఒక్కసారిగా లావెక్కి ఉంది.

నాకా జవాను కుర్రవాడు. మూటలు విప్పించి చూశాడు. తర్వాత ఆమె వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"అవ్వా, మొన్న దినం మీ ఆయన వచ్చినప్పుడు నువ్వు బక్కగ ఉంటవని చెప్పిండు గదనే."

"ఏటిగాలికి ఒళ్లు పట్టింది నాయినా."

"ఎర్ర అంచు గాలి గిట్ల వీస్తాంది?" అని ఆమె కుచ్చిళ్ల కింద తొంగిచూస్తున్న రెండో అంచు చూపించాడు.

మద్దమ్మ తడబడలేదు. "కట్టుకున్నదానికి సుంకం ఉందా, లేదా? అది చెప్పు ముందు."

వాడు తల గోక్కున్నాడు. "కట్టుకున్నదానికి లేదే."

"ఒకటే కట్టుకోవాలని రాసి ఉందా?"

రాసి లేదట. వాడు నవ్వుతూ, చూసి వదిలిన గుర్తుగా, మా మూటల మీద సుద్దతో గీత గీశాడు. మేం పల్లె దాటేదాకా ఆమె ఊపిరి బిగపట్టుకునే నడిచింది. బండెక్కిన తర్వాత ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుకున్నాం. అంత నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆలంపూరు

ఆలంపూరులో ఒక రాత్రి ఉన్నాం. తహసీలు ఖజానా ఇక్కడే, నా పింఛనూ ఇక్కడే. నవబ్రహ్మ గుళ్లన్నీ ఎర్రరాయి. పొద్దు వాలే వేళ లోపల నిప్పులున్నట్టు కనబడతాయి. జోగులాంబకు తన గుడి ఎప్పుడో పోయింది. బాలబ్రహ్మ గుడిలో ఒక పక్క ఉంటోంది. మద్దమ్మ చాలాసేపు చేతులు జోడించి నిలబడి, బయటికి వచ్చాక, "అమ్మవారిదీ మన బతుకే. సొంతిల్లు పోయి ఇంకొకరింట్లో తలదాచుకునింది" అంది. కిరాయి అయినా లేదు గదా అన్నాను. ఆమె నవ్వలేదు.

గుడి ముందు ఒక ముసలామె జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రొట్టె పెనం మీద నుంచి నేరుగా చేతిలోకే వచ్చింది. కర్నూల్లో ఆ ధరకు రొట్టె అంచు కూడా రాదు. ఈ ఊళ్లో ఇల్లు అడిగిచూద్దామా అన్నాను. "గుళ్లు బాగున్నాయి. మాట్లాడేదానికి మనిషి యాడుంది?" అంది. చుట్టూ అంతమంది కనబడుతుంటే మనిషి లేకపోవడమేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పాలమూరు: సేటు ఇల్లు

కాగితాల మీద మహబూబ్‌నగరం. జనం నోట్లో ఇప్పటికీ పాలమూరే. నేను మొదటిసారి మున్షీగా కూర్చున్న ఊరు ఇది. అప్పటి డాక్‌ఖానా ఇప్పుడు గడ్డి గోదాము. సీతాఫలాల కాలం. గుట్టల మీంచి గంపలకు గంపలు దిగుతున్నాయి. ఒక గంప అడిగితే అమ్మే ఆమె ఇంకో నాలుగు పైన పెట్టి, "తిను తాతా, పండ్లు లేకున్న నమిలే పండు" అంది. నా బోసినోరు చూసి అన్న మాట. కోపం తెచ్చుకుందామనుకున్నాను గాని, పండు అంత తియ్యగా ఉంటే ఎట్లా!

బజారు వెనక ఖాళీ ఇల్లొకటి చూశాం. రెండు గదులు, పెరట్లో చేదబావి. మద్దమ్మ బావిలోకి తొంగిచూసి తల ఊపింది. యజమాని పల్లికాయల సేటు. దుకాణంలో మెత్త మీద కూర్చుని ఉన్నాడు. కిరాయి నాలుగు రూపాయలన్నాడు. నేను మనసులో సంబరపడి, నాలుగు హాలీలు తీసి ఆయన ముందు పెట్టాను.

సేటు వాటిని వేలితో నా వైపు నెట్టాడు. "హాలీ కాదు పెద్దాయనా, కలదార్. మాది బొంబాయి యాపారం. నాకు కలదార్ కావాలె."

"నిజాం గడ్డ మీద ఇల్లు కట్టి, నిజాం రూపాయి వద్దంటావా?" నా గొంతు నాకు తెలియకుండానే లేచింది. నాణెం తీసి దాని మీది ఫారసీ అక్షరాలు ఆయనకు ఒక్కొక్కటే చదివి వినిపించాను. దుకాణంలోని గుమాస్తాలు పని ఆపి చూశారు.

"మంచిగ చదివినవ్. కిరాయి గదే" అన్నాడు సేటు.

పోనీలే అనుకుని లేచాను. సీతాఫలాల ఆమెకు చిల్లర ఇవ్వాలి. నా నడుముకు కట్టుకున్న కలదారు రూపాయల్లోంచి ఒకటి తీసి, హాలీ చిల్లర ఇమ్మని అదే దుకాణంలో గుమాస్తాకు ఇచ్చాను. వాడు దాన్ని రాయి మీద మోగించి, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పోశాడు. చూస్తే కలదారుకు ఎక్కువ రావలసింది పోయి, సరికి సరి కూడా లేదు. పైగా ఒక అణా తక్కువ!

"ఇదేమిట్రా?"

"బట్టా. గీ చిన్న బజార్ల కలదార్ ఎవ్వలు తీస్కుంటరు తాతా? మల్లా మేం మార్పిచ్చుకోవాలె గద."

అదే దుకాణం. అదే పూట. కిరాయికైతే కలదారు తప్ప ముట్టుకోరు. మార్చమంటే కలదారుకు గిరాకీ లేదు! నేను అప్పుడు అన్న మాటలు ఇక్కడ రాయను. ఇది ఆడవాళ్లు కూడా చదవవచ్చు. మద్దమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. సేటు వెనక నుంచి, "ఎండల తిరగకు పెద్దాయనా, నెత్తికెక్కుతది" అని హితవు కూడా చెప్పాడు. సాయంత్రానికి నా కోపం దిగిపోయింది. సీతాఫలాలు మాత్రం అప్పటికే అయిపోయాయి.

షాద్‌నగర్ దాకా ఒక బొంబాయి మనిషి

మర్నాడు రైల్లో మా ఎదుట ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. పేరు బాలయ్య. చేతులు సున్నంతో పగిలి ఉన్నాయి. బొంబాయిలో మేడలు కట్టే పని. ఏడాదికోసారి షాద్‌నగర్ దగ్గర పల్లెలోని పెళ్లాం బిడ్డల దగ్గరికి వస్తాడట. మూటలోంచి అటుకులు తీసి మాకు పెట్టాడు. మేం మా రొట్టెలు పెట్టాం. మాట మీద మాట వచ్చి నా బాధ చెప్పుకున్నాను. అతను మోకాలి మీద చరిచి నవ్వాడు.

"నువ్వు ఉల్టా పుట్టినవ్ తాతా! నేను ఆడ కలదార్ సంపాయిస్త, గీడ హాలీ ఖర్సు వెడత. నాకు ఆరు ఏడైతది. నువ్వు గీడ హాలీ తీస్కొని ఆడ కలదార్ ఖర్సు వెడతవ్. నీకు ఏడు ఆరైతది. నీ నుంచి ఊడిపోయిన రూపాయి నా సంచిల వడ్డట్టుంది సూస్కో."

"అయితే నా రూపాయి నాకు ఇచ్చెయ్" అన్నాను.

"ఇస్త. మరి నా ఏడాది ఎవరిస్తరు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "బిడ్డ పుట్టినప్పుడు లేను. నడిచినప్పుడు లేను. నిరుడు పోతే, గీ మామ ఎవలని అడిగింది వాళ్ల అవ్వని."

మద్దమ్మ అటుకుల దొన్నె కింద పెట్టింది. దిగేటప్పుడు తన మూటలోంచి కర్నూలు మిఠాయి పొట్లం తీసి, "ఇది బిడ్డకియ్యి. మీ నాయిన తెచ్చినాడని చెప్పు. మామ అని కాదు" అంది.

షాద్‌నగర్‌లో వారసంత. జొన్నలు, చింతపండు, మేకలు. ఎండుమిర్చి ఘాటుకు ఊరంతా తుమ్ముతోంది. అన్నిటి ధరలూ అడిగాను. అన్నీ అగ్గువే. అయితే ఇళ్లన్నీ గల్లా గోదాములైపోయాయి. యుద్ధం మూలంగా ధాన్యం నిలవ చేసుకునేవాళ్లే ఎక్కువ. మనుషులకు జాగా లేదన్నారు. ఇద్దరం మేకల మధ్య ఒక సాయంత్రం గడిపి ముందుకు సాగాం.

తిరుమలగిరి

ఇక్కడికే నేను అసలు ఆశ పెట్టుకుని వచ్చాను. గిర్దావరు రంగారావు ఇంటి ముందు నిలబడి చేతులు చాచాడు.

"రా మున్షీ, రా! వచ్చినవా! ఇన్నేండ్లకు తెలివొచ్చిందన్నట్టు. ఏం వదినా, ఈ పిచ్చోన్ని పట్టుకొని ఇంగ్రేజోళ్ల రాజ్యంల ఏం జేస్తున్నరు?"

ఇల్లు చూసి నేను ఆశ్చర్యపోయాను. నా కన్నా ఆయనకు పింఛను ఎక్కువేమీ కాదు. అయినా కొట్టులో వడ్లు, జొన్నలు నిండి ఉన్నాయి. కుండలు కొత్తవి. కట్టెలు పేర్చి ఉన్నాయి. పెరట్లో రెండు బర్రెలు. మధ్యాహ్నం భోజనంలో గోంగూర, గడ్డపెరుగు, నువ్వుల పొడి, వేడి వేడి సర్వపిండి. సర్వపిండి నేను తిని ఎన్నేళ్లయిందో! గిన్నె అడుగున అంటుకున్న పెచ్చు కూడా వదల్లేదు.

"ఇదంతా ఎట్లా నడుస్తోంది?" అని అడిగాను.

"పింఛన్ల సగం కూడ ముట్టుకోను మున్షీ. కిరాయి లేదు. ఇల్లు దొర ఇచ్చిండు. కట్టెలు, నీళ్లు, కుండలు, బట్టలుతుకుడు, ఒక్కదానికి పైస లేదు. నీకు సుత దొరతోని చెప్తా. సర్కారు మనిషివి, నీకూ వంతు పెట్టిస్తడు. పక్క ఇల్లు ఖాళీగనే ఉంది."

ఆ మధ్యాహ్నం నేను పడుకోలేదు. అరుగు మీద కూర్చుని లెక్కలు వేసుకున్నాను. కిరాయి లేదు, కట్టెలకు లేదు, పాలకు లేదు. నా ఏడో రూపాయే కాదు, ఆరో రూపాయి, అయిదో రూపాయి కూడా నా దగ్గరే ఉంటాయి. మద్దమ్మను నెలకోసారి రైల్లో కర్నూలు పంపించవచ్చు. ఇచ్చిన మాట సగమైనా నిలుస్తుంది. ఆ లెక్క నాకు బాగానే నచ్చింది.

మద్దమ్మ పెరట్లో ఉంది. ఒకామె బిందె నెత్తిన, బిందె చంకన పెట్టుకుని వచ్చి తొట్టిలో నీళ్లు పోస్తోంది. పేరు లచ్చవ్వ. వాళ్ల మాటలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఎన్ని బిందెలమ్మా?"

"తొట్టి నిండేదాక తల్లీ. గీ ఇంటికి పోసి పటేలింటికి పోవాలె."

"నెలకు ఏమిస్తారు?"

"ఏమిచ్చుడు? ఇది మా ఇంటి వంతు. మా అత్త పోసింది, గిప్పుడు నేను పోస్తున్న."

"సర్కారు మనిషికి పోసినారంటే సరే. ఆయప్ప నౌకరి దిగినాడు గదా?"

లచ్చవ్వ బిందె కడుక్కుంటూ నవ్వింది. "నౌకరి ఆయినకు దిగింది గని బిందె నాకు దిగలే."

చిల్లర గలగలమంది. తర్వాత మద్దమ్మ గొంతు. "ఇది ఉంచుకో."

"వద్దు తల్లీ. పైస సూస్తే యాడిదని దొర గడీల అడుగుతరు. నీకు దండం పెడత, లోపల పెట్టుకో."

మర్నాడు పొద్దున పెద్ద గొడవే అయింది. లచ్చవ్వ వచ్చేలోగా మద్దమ్మ లేచి, బావి దగ్గరికి పోయి, తానే చేది, నెత్తిన పెట్టుకుని నీళ్లు తెచ్చింది. రంగారావు భార్య పరుగున ఎదురొచ్చింది.

"అయ్యో వదినా! చుట్టపామె నీళ్లు మోసుడేంది? నలుగురు సూస్తె మా ఇజ్జతేం గావాలె? గా లచ్చి ఎటు సచ్చింది?"

"ఆమె రాలేదని కాదు వదినా. మా ఊర్లో ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకుంటాం. లేదంటే బిందెకింత అని ఇచ్చి తెప్పిచ్చుకుంటాం. అలవాటు పోలేదు."

రంగారావు నా వైపు చూశాడు. ఆయన మంచివాడే. నేను జ్వరంతో పడి ఉన్నప్పుడు నా డాక్ సంచి తన గుర్రం మీద వేసుకుపోయిన మనిషి. "ఏంది మున్షీ గిది? ఊరి రివాజు నేను పెట్టిననా? నేను వద్దంటే ఆమె వంతు ఇంకొకరింటికి మార్తది, అంతే గద!" అన్నాడు. ఆ మాటను కాదనలేను. కాని తల ఊపలేకపోయాను.

భోజనాల తర్వాత మద్దమ్మ నా పక్కన కూర్చుంది. తొట్టిలో నీళ్ల వైపు చూస్తూ, మెల్లగా అంది. "నీ ఏడో రూపాయి యాడ పోతుందో ఇన్నేండ్లు అడిగినావు. ఈ ఊర్లో అది పోదు, నిజమే. ఆ లచ్చవ్వ నెత్తి మీంచి తీసి మనకిస్తారు. నాకైతే గొంతు దిగదు. నువ్వు ఉండాలంటే ఉందాం. నేను నీళ్లు మోసుకుంటా."

మేం ఉండాలంటే ఆమె నీళ్లు మోసుకుంటుందట! అరవై దాటిన మనిషి. నాకు ఆమె మీద కోపం వచ్చింది. కాసేపటికి చూసుకుంటే అది కోపం కాదు. నా లెక్క అంతా తప్పినందుకు వచ్చిన సిగ్గూ కాదు. ఒక బరువు దిగినట్టు ఉంది. నేనూ బరువు మోసి మోసి మున్షీనైనవాడినే. లేచి, "మూట కట్టు" అన్నాను.

ఆ రెండో చీర మూటలోంచి తీసి రంగారావు భార్యకు పెట్టాం. నాకా దగ్గరి కథ చెబితే ఆమె కోపమంతా మరిచిపోయి పడీపడీ నవ్వింది. దారికని సర్వపిండి కట్టి ఇచ్చింది. మంచివాళ్లే. ఆ మాట మళ్లీ రాయకుండా ఉండలేను.

మళ్లీ ఒడ్డుకు

తిరుగు దారంతా నేను లెక్కలే వేసుకున్నాను. ఊళ్లన్నీ చూడటం అయిపోయింది. పాలమూరులో కలదారు అడుగుతారు. షాద్‌నగర్‌లో జాగా లేదు. తిరుమలగిరిలో ఉండలేం. కర్నూల్లో కిరాయి కట్టలేం. పింఛనును ఎటు తిప్పి చూసినా మాట తప్పడమొక్కటే మిగిలింది.

బండి మమ్మల్ని ఏటి ఒడ్డున దింపింది. పుట్టి అవతలి గట్టున ఉంది. తిమ్మప్ప పెళ్లాం మజ్జిగ తెచ్చింది. మద్దమ్మ తాగి, గ్లాసు కింద పెట్టి, "సూడు" అని వాళ్ల ఇంటి పక్క మిద్దె చూపించింది. ఒక గది, ముందు వసారా. నాపరాళ్ల మీద ఎండిన మిరపకాయలు. గుమ్మంలో నిలబడితే ఏరు, ఏటి అవతల కర్నూలు బురుజు.

"ఇంతకుముందు ఇంకో నాకా జవాను ఉన్నాడట. బదిలీ అయి పొయినాడు. కిరాయి హాలీనే. ఏరు దాటినట్టే గదా, ఇది మీ నిజాం జాగానే."

"నీకెట్లా తెలుసు?"

"మొదటి రోజే అడిగి పెట్టినా. చీర సుట్టుకొనేటప్పుడు."

నేను నా మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. "మొదటి రోజే తెలిస్తే నన్ను ఊళ్లన్నీ ఎందుకు తిప్పినావు?"

"తిప్పింది నేనా, తిరిగింది నువ్వా? ఆ రోజే చెప్పింటే నువ్వు ఒప్పుకునేటోనివా? ఇంత దగ్గర, ఇంత చిన్న పల్లెలోనా అంటావు. తిరుమలగిరి, తిరుమలగిరి అని జపం చేస్తావు. సూడనీలే అనుకుంటి."

"నీకిచ్చిన మాట చచ్చేదాకా కర్నూల్లో అని గదే. ఇది కర్నూలు కాదు."

ఆమె ఏటి వైపు చెయ్యి చూపింది. "పొద్దున పని చేసుకొని పుట్టెక్కుతా. మా అక్క కోడండ్లతో, మా వీధోళ్లతో నా కడుపు నిండా మాట్లాడుకుంటా. పొద్దు వాలినాక వస్తా. తిండి మీ హాలీలో, ముచ్చట్లు మా కలదార్లో. నీకేమన్నా నష్టమా?"

అప్పుడు ఆలంపూరులో ఆమె అడిగిన మనిషి ఎవరో నాకు తెలిసింది.

ఇది రాయడం కర్నూలు అరుగు మీద మొదలుపెట్టాను. ముగించేది ఈ మిద్దె వసారాలో. సామాను దాటించిన రోజు నాకా జవాను మూటలు, పెట్టె, చాప, రోలు అన్నీ చూశాడు. అన్నీ పాతవే. వాడు మద్దమ్మను చూసి నవ్వాడు.

"అవ్వా, ఇయ్యాల బక్కగనే ఉన్నవ్. కొత్తదేమన్న ఉన్నదా మరి? నిజం చెప్పాలె."

మద్దమ్మ వెనక్కి తిరిగి, చంకలో రోకలితో నిలబడ్డ నన్ను చూపించింది. "ఇదిగో, ఈయప్ప మాట ఒక్కటే. ఇన్నేండ్లకు నిలబెట్టుకున్నాడు. దీనికేమన్నా సుంకం పడుతుందా?"

జవాను నా వైపు చూశాడు. సుద్దముక్క తీసి, వచ్చి, నా అంగీ భుజం మీద ఒక గీత గీశాడు. "మాఫ్. పో తాతా, లోపలికి పో."

ఆ అంగీ ఇంకా ఉతకనివ్వలేదు. జమేదారు, పంతులు, చెట్ల ఆయన, మీరు ముగ్గురూ ఇది చదివి సాయంత్రం పూట ఇటు రండి. వసారా పెద్దదే, మజ్జిగ ఉంటుంది, తిట్టుకోవడానికి బట్టా ఎట్లాగూ ఉంది. పుట్టికి అణా. ఏ అణా అయినా సరే.